సోమవారం వెళ్ళి సబ్‌మెరైన్ మ్యూజియం గేటు చూసి వచ్చాం. నాన్నని తీసుకుని మళ్ళీ వెళ్ళొచ్చా?

అరండల్‌పేట_అబ్బాయి
మొన్న వేసవి సెలవుల్లో ఒక ట్రావెల్స్ వాళ్ళ ప్యాకేజీలో అరకు, వైజాగ్ వెళ్ళొచ్చాం. ఆఖరి రోజు సాయంత్రం "కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియం" అని కాగితం మీద రాసిచ్చారు. తీరా బస్సు దిగితే గేటుకి తాళం. సోమవారం సెలవట! వారం వారం వచ్చే సెలవు, టూర్లు వేసేవాళ్ళకి తెలియకపోవడం ఏంటండీ? అడిగితే "బయట నుంచి ఫొటోలు బాగా వస్తాయి సార్" అన్నారు.

మావాడు ఆరో తరగతి. నెల ముందు నుంచి నోటుపుస్తకం వెనక సబ్‌మెరైన్ బొమ్మలు వేసుకుంటున్నాడు. కంచె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు, ఏడవలేదు కూడా. అదే ఎక్కువ బాధేసింది. మా నాన్నగారు మాత్రం ఆ కొస నుంచి ఈ కొసకి రెండుసార్లు నడిచి, "ఇంత పొడుగు దాన్ని నీళ్ళ కింద ఎలా తిప్పార్రా" అంటూనే ఉన్నారు. ఆయన బెజవాడ డీజిల్ లోకో షెడ్‌లో రిటైరయ్యారు. వయసు 69, మోకాళ్ళ నొప్పులు.

దసరా సెలవులకి వీళ్ళిద్దరి కోసమే మళ్ళీ వెళ్దామనుకుంటున్నా. అంత దూరం వెళ్ళినందుకు చూడాల్సింది ఉందా? లోపల పెద్దవాళ్ళు నడవగలరా? చూసినవాళ్ళు చెప్పండి.

పటమట_లంక
నేను చూశాను. ఆదివారం సాయంత్రం వెళ్ళాం. ముందు ఒకళ్ళ వీపు, వెనక ఒకళ్ళ మోచెయ్యి. ఇటు ఎక్కి అటు దిగడానికి పావుగంట పట్టలేదు. గొట్టాలు, మీటర్లు, మళ్ళీ గొట్టాలు. దానికోసం 350 కిలోమీటర్లు వెళ్ళాలా అంటే నేను వద్దనే అంటాను. బీచ్‌కి వెళ్తే వెళ్ళండి, దారిలో చూడండి.

గుణదల_అక్క
పటమట తమ్ముడూ, ఆదివారం సాయంత్రం వెళ్తే దుర్గ గుడి క్యూలో అయినా అంతే కదా. మేము బుధవారం వెళ్ళాం. మాతో కలిపి పాతిక మంది లేరు. గైడ్‌గా ఉన్నాయన నేవీలో చేసి రిటైరైన పెద్దాయన. మా అమ్మాయి ఏదడిగినా ఆగి చెప్పారు. ముప్పావుగంట లోపలే ఉన్నాం. ఒకే చోటు, నీకు పావుగంట, నాకు ముప్పావుగంట. తేడా ఆ చోటులో లేదు.

అరండల్‌పేట_అబ్బాయి
అక్కా, మెట్లెన్ని ఉంటాయి? నాన్నగారు ఎక్కగలరో లేదోనని నా టెన్షన్.

గుణదల_అక్క
మెట్లకి ఇబ్బంది లేదు. ముందు వైపు ఎక్కి వెనక వైపు దిగుతాం. కష్టమల్లా లోపల ఒక గదిలోంచి ఇంకో గదిలోకి దాటేటప్పుడే. గుండ్రటి తలుపులు, వంగి దూరాలి. మా అత్తగారు చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని దాటేశారు. ఆవిడకి అప్పుడు 66.

మిర్చియార్డ్_బాబు
ఆ గుండ్రటి తలుపు దగ్గర మా బావ పొట్ట ఒక నిమిషం ఆగింది. వెనక క్యూ మొత్తం "ఊపిరి బిగబట్టండి" అని సలహా. దాటేశాక అందరూ చప్పట్లు. బావ ఇప్పటికీ ఆ ఫొటోనే డీపీగా పెట్టుకున్నాడు.

ఆటోనగర్_డీజిల్
అరండల్‌పేట బ్రదర్, మీ నాన్నగారు లోకో షెడ్ మనిషి అన్నారు కాబట్టి రాస్తున్నా, కొంచెం పొడుగవుతుంది. నేను ఇరవై రెండేళ్ళుగా ఇంజన్లు విప్పి బిగించే పనిలో ఉన్నాను. ఆ సబ్‌మెరైన్‌లో మొత్తం ఏడు గదులు. ఐదో గదిలోకి అడుగు పెట్టాక నాకు కాళ్ళు కదల్లేదు. మూడు డీజిల్ ఇంజన్లు, ఒక్కొక్కటి 2000 హార్స్‌పవర్. మన దగ్గరికి వచ్చే పది టైర్ల లారీ ఇంజన్ 200 చుట్టూ ఉంటుంది. అంటే ఒక్కోటీ పది లారీలు. వాటి మధ్య సందులో మనిషి పక్కకి తిరిగి నడవాలి. అక్కడే రోజుల తరబడి డ్యూటీ చేశారు, ఆ వేడిలో, ఆ మోతలో.

చాలామందికి తెలియని సంగతి ఏంటంటే, నీళ్ళ కింద ఆ ఇంజన్లు పనిచేయవు. డీజిల్ మండాలంటే గాలి కావాలి. లోపలున్న గాలి ఇంజన్‌కి పెడితే మనుషులకి ఏముంటుంది? అందుకే పైన తేలుతున్నప్పుడు, లేదా స్నార్కెల్ అనే గొట్టం మాత్రం నీటి పైకి పెట్టి, డీజిల్ మీద నడుస్తూ బ్యాటరీలు చార్జ్ చేసుకుంటారు. కిందికి దిగితే ఇంజన్లు బంద్, ఆరో గదిలో ఉన్న మూడు ఎలక్ట్రిక్ మోటార్లు అందుకుంటాయి. బ్యాటరీలు రెండో గది, నాలుగో గది నేల కింద ఉంటాయి, మొత్తం 448 సెల్స్. మనం చూడకుండానే వాటి మీద నడిచి వెళ్ళిపోతాం.

మీ నాన్నగారికి ఇంత చెప్పక్కర్లేదు, చూడగానే పట్టేస్తారు. పాత డబ్ల్యూడీఎం-2 లోకో ఇంజన్ 2600 హార్స్‌పవర్. ఆయన జీవితమంతా డీజిల్, మోటార్ జతతోనే గడిపి ఉంటారు. తప్పకుండా తీసుకెళ్ళండి.

అరండల్‌పేట_అబ్బాయి
అన్నా, ఇది నాన్నగారికి చదివి వినిపించా. "లోకోలో బ్యాటరీ ఇంజన్ స్టార్ట్ చేయడానికే. దీంట్లో బ్యాటరీయే బండి లాగుతుందన్నమాట" అన్నారు. ఇక ఆగేలా లేరు.

గోరంట్ల_టీచర్
రెండేళ్ళ క్రితం మా ఎనిమిదో తరగతి పిల్లల్ని తీసుకెళ్ళాను. వెళ్ళే ముందు క్లాసులో జలాంతర్గామి అనే మాట బోర్డు మీద రాసి విడదీసి చెప్పాను. జలం లోపల పోయేది అని. ఒక పిల్ల లేచి "మరి చేప కూడా జలాంతర్గామేనా మేడమ్" అంది. కాదనడానికి నాకు మనసు రాలేదు.

ఒక్క మాట మాత్రం సరిచేయాల్సి వచ్చింది. పిల్లల్లో సగం మంది, తోడొచ్చిన ఇద్దరు తల్లిదండ్రులు కూడా, పాకిస్తాన్ ఘాజీని ముంచింది ఈ కుర్సురాయే అనుకుంటున్నారు. నేను కాదని చెప్పాను గానీ వివరం అంతగా చెప్పలేకపోయాను. నేవీవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి.

తెనాలి_నేవీ
టీచర్ గారూ, మీరన్నది కరెక్టే. నేను నేవీలో పదిహేనేళ్ళు చేశాను. సబ్‌మెరైన్లలో కాదు, పైన నౌకల మీద. తెలిసినంత రాస్తాను.

ఘాజీ మునిగింది 1971 డిసెంబర్ 3-4 రాత్రి, విశాఖ తీరం దగ్గర. అది అమెరికా దగ్గర పాకిస్తాన్ తెచ్చుకున్న సబ్‌మెరైన్, పాత పేరు డయాబ్లో. మన విమానవాహక నౌక విక్రాంత్‌ని వెతుక్కుంటూ వచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు ఉంది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీల (నీళ్ళ కింద పేలే బాంబులు) వల్ల మునిగిందని మన నేవీ చెబుతుంది, లోపలే పేలుడు జరిగిందని పాకిస్తాన్ వాళ్ళంటారు. కుర్సురాకి దాంతో ఏ సంబంధమూ లేదు. ఆ రోజుల్లో కుర్సురా అటు అరేబియా సముద్రంలో గస్తీలో ఉంది. బీచ్ రోడ్డులోనే "విక్టరీ ఎట్ సీ" అని 1971 యుద్ధ స్మారకం వేరేగా ఉంది. రెండూ ఒకే రోడ్డు మీద ఉండేసరికి జనం కలిపేసుకుంటారు.

ఇక అరండల్‌పేట బాబూ, మీ నాన్నగారి మోకాళ్ళ సంగతి. గుండ్రటి తలుపు దగ్గర తల ముందు పెట్టొద్దు. అంచు గట్టిగా పట్టుకుని, నొప్పి తక్కువున్న కాలు ముందు అవతల మోపాలి. తర్వాత తల వంచి ఒళ్ళు దాటించాలి. రెండో కాలు ఆఖరున. తొందరపడి తల ముందు పెట్టినవాళ్ళకే నుదుటి మీద బొప్పి కడుతుంది. ముందు మీరు దాటి అవతల నుంచి చెయ్యందించండి, వెనక మనవడిని ఉంచండి.

మిర్చియార్డ్_బాబు
మా బావ ముందు పొట్ట పెట్టాడు. నేవీ మావయ్య లిస్టులో ఆ పద్ధతి లేదు.

పటమట_లంక
నేవీ మావయ్యా, తప్పుగా అనుకోకండి. ఘాజీని ముంచింది ఇది కాదు. మరి ఇది దేన్ని ముంచింది? ఏమీ లేదంటే మ్యూజియం పెట్టేంత గొప్ప ఏముంది?

తెనాలి_నేవీ
మంచి ప్రశ్న, తప్పేముంది. ఆ యుద్ధంలో మన సబ్‌మెరైన్లు ఏ ఓడనీ ముంచలేదు. అవతలి వాళ్ళ సబ్‌మెరైన్ హంగోర్ మాత్రం డిసెంబర్ 9న మన యుద్ధనౌక ఖుక్రీని ముంచింది. 18 మంది ఆఫీసర్లు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడతోపాటే మునిగారు. ఆ హంగోర్‌ని వాళ్ళు కరాచీలో మ్యూజియంగా పెట్టుకున్నారు.

కానీ సబ్‌మెరైన్ పని ముంచడమే కాదు బాబూ. అది ఎక్కడుందో తెలియకపోవడమే దాని బలం. ఎక్కడో కింద ఒకటి ఉందేమో అన్న భయానికే అవతలి ఓడలు దారి మార్చుకుంటాయి. మనకి మొట్టమొదటి సబ్‌మెరైన్ కల్వరి 1967 డిసెంబర్ 8న వచ్చింది. ఆ రోజునే ఇప్పటికీ సబ్‌మెరైన్ డేగా జరుపుతారు. కుర్సురా 1969 డిసెంబర్ 18న సోవియట్ యూనియన్‌లోని రీగాలో నేవీలో చేరింది. అంటే అప్పటికి ఈ విద్య మనకి రెండేళ్ళది. 2001 ఫిబ్రవరి 27 దాకా, 31 ఏళ్ళలో 73,500 నాటికల్ మైళ్ళు తిరిగింది. అందులో దాదాపు 75 మంది ఉండేవాళ్ళు. స్నానం లేదు, సూర్యుడు లేడు, ఒకడు డ్యూటీకి లేస్తే ఆ బెర్తులో ఇంకొకడు. నా స్నేహితుడొకడు సబ్‌మెరైన్లలో చేశాడు. సెలవు మీద ఇంటికొస్తే వాళ్ళావిడ బట్టలు రెండుసార్లు ఉతికినా డీజిల్ వాసన పోయేది కాదట. ఆ మనుషులు అలా బతికిన చోటు అది. అందుకే మ్యూజియం.

పటమట_లంక
ఇది ఎవరూ చెప్పలేదు నాకు. చెప్పేవాళ్ళ ముందు నుంచి నన్ను నెట్టుకుంటూ తీసుకెళ్ళిపోయారు జనం. అయినా దూరం దూరమే అంటాను.

శాండియాగో_నుంచి_గుంటూరోడు
కుర్సురాకి అక్కచెల్లెళ్ళు చాలా ఉన్నాయి. నాటో వాళ్ళు ఫాక్స్‌ట్రాట్ అనేవాళ్ళు, సోవియట్ లెక్కలో ప్రాజెక్ట్ 641. అందులో బి-39 అనేది మా ఊరి మారిటైమ్ మ్యూజియంలో ఉండేది. మొదటిసారి చూసినప్పుడు రష్యన్ అక్షరాల మీటర్ల ముందు నిలబడి విశాఖ బీచ్ గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. ఇప్పుడది లేదు. 2022లో లాక్కెళ్ళి తుక్కు చేసేశారు. కాబట్టి పటమట అన్నా, మీకు 350 కిలోమీటర్ల దూరంలో ఉన్నదాని కోసం నేను సముద్రాలు దాటి రావాలి.

1962లో క్యూబాలో పెట్టిన సోవియట్ క్షిపణుల మీద అమెరికాకీ సోవియట్‌కీ గొడవైనప్పుడు, ప్రపంచాన్ని అణుయుద్ధం అంచు దాకా తీసుకెళ్ళింది కూడా ఈ రకమే. అక్టోబర్ 27న సోవియట్ సబ్‌మెరైన్ బి-59 మీద అమెరికా నౌకలు పైకి రమ్మని సంకేతంగా చిన్న డెప్త్ చార్జీలు వదిలాయి. లోపల భరించలేని ఉక్క, బయటి ప్రపంచంతో మాట లేదు, యుద్ధం మొదలైందో లేదో తెలియదు. వాళ్ళ దగ్గర ఒక అణు టార్పెడో (నీళ్ళలో దూసుకెళ్ళి ఓడని పేల్చే ఆయుధం) ఉంది. వాసిలి ఆర్ఖిపోవ్ అనే ఆఫీసర్ వద్దన్నాడు, ఆగిపోయింది. కుర్సురా మూడో గదిలో, అదే కంట్రోల్ రూమ్‌లో, పెరిస్కోప్ పక్కన ఒక్కసారి నిలబడి ఈ సంగతి తలుచుకోండి. ఎంత ఇరుకు చోట ఎంత పెద్ద నిర్ణయమో తెలుస్తుంది.

గోరంట్ల_టీచర్
ఇది రేపు క్లాసులో చెబుతాను. కృతజ్ఞతలు బాబూ.

కృష్ణలంక_కుర్రాడు
అన్నీ వైజాగ్‌కేనా? ఒక సబ్‌మెరైన్ తెచ్చి మన కృష్ణలో ప్రకాశం బ్యారేజీ దగ్గర పెడితే ఎంత బాగుంటుంది! భవానీ ద్వీపానికి వచ్చేవాళ్ళంతా చూస్తారు.

ఆటోనగర్_డీజిల్
తమ్ముడూ, దాని పొడవు 91.3 మీటర్లు. బందరు రోడ్డు మీద సిటీ బస్సులు ఎనిమిది వరసగా పెడితే ఎంతో అంత. తేలాలంటే కింద ఆరు మీటర్ల నీళ్ళుండాలి. సముద్రం నుంచి బ్యారేజీ దాకా కృష్ణలో ఎండాకాలం ఆరు అడుగులుంటే గొప్ప.

కృష్ణలంక_కుర్రాడు
వరదలప్పుడు తెస్తే?

ఆటోనగర్_డీజిల్
వరదలప్పుడు బ్యారేజీ గేట్లెత్తితే అదే మళ్ళీ హంసలదీవి దాకా పోయి సముద్రంలో కలుస్తుంది.

గుణదల_అక్క
తీసుకురావడం అంత తేలిక కాదు నాయనా. సముద్రం ఒడ్డునే ఉన్న దాన్ని ఇసుక మీదకి లాగి కుదురుగా పెట్టడానికే అయిదున్నర కోట్లు, ఏడాదిన్నర పట్టింది. 2002 ఆగస్టులో తెరిచారు. అప్పుడు మేము విశాఖలోనే ఉండేవాళ్ళం. మర్రిపాలెం నుంచి జనం సైకిళ్ళ మీద చూడ్డానికి వచ్చేవాళ్ళు.

నా భయం ఒకటే. ఉప్పుగాలి ఇనుమునొదలదు. ఆ తీరం కోత కూడా తక్కువేం కాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు బీచ్ రోడ్డు ఎలా అయిందో చూసినవాళ్ళకి తెలుసు. ముంబయిలో విక్రాంత్‌ని పదేళ్ళకి పైగా మ్యూజియంగా ఉంచి, చివరికి 2014లో తుక్కు కింద కొట్టేశారు. యుద్ధంలో గెలిచిన ఓడని తుప్పు దగ్గర ఓడగొట్టుకున్నాం. దీనికి ఆ గతి పట్టకూడదు. రంగు, మరమ్మతు, ఎంత ఖర్చయినా పెట్టాలి.

పటమట_లంక
ఎంత ఖర్చయినా అంటే ఎలా అక్కా. మన జిల్లాల్లో బళ్ళకి ప్రహరీ గోడల్లేవు.

గుణదల_అక్క
బడికి గోడా కావాలి, బళ్ళో చదివేవాడు కళ్ళతో చూడటానికి ఇలాంటిదొకటీ కావాలి. ఒకటి అడిగితే రెండోది వద్దన్నట్టు కాదు.

గోరంట్ల_టీచర్
అక్కతో నేనున్నాను. మా స్కూలుకి ప్రహరీ సగమే ఉంది, అయినా చెబుతున్నా. ఆ ప్రయాణం నుంచి వచ్చాక మా పిల్లల్లో ఒకడు బకెట్లో సీసా ముంచి, గొట్టంతో గాలి ఊది పైకి తేల్చి చూపించాడు. ట్యాంకుల్లో నీళ్ళు నింపితే మునగడం, గాలితో తోసేస్తే తేలడం. పుస్తకంలో తేలుట-మునుగుట పాఠం నాలుగుసార్లు చెప్పినా అర్థం కానివాడు వాడు.

బ్రాడీపేట_4వ_లైను
పనికొచ్చే ముక్క. బెజవాడ నుంచి అయితే పొద్దున రత్నాచల్ ఎక్కండి. మధ్యాహ్నం భోజనాల వేళకి విశాఖ. మామూలు రోజుల్లో మ్యూజియం మధ్యాహ్నం నుంచే తెరుస్తారు కాబట్టి సరిపోతుంది. గుంటూరు నుంచి నేరుగా సింహాద్రి ఉంది గానీ చేరేసరికి సాయంత్రమవుతుంది, మర్నాడు చూసుకోవాలి. కొన్ని రైళ్ళు విశాఖ స్టేషన్‌కి రాకుండా దువ్వాడ మీదుగా పోతాయి, టికెట్ తీసేటప్పుడు చూసుకోండి. ఇంకోటి, రోడ్డుకి అవతలే టీయూ-142 విమానం మ్యూజియం. సబ్‌మెరైన్లని వెతికి వేటాడే విమానం అది, 29 ఏళ్ళు చేసి 2017లో రిటైరైంది. వేటాడేదీ, వేటాడబడేదీ ఇప్పుడు ఎదురెదురుగా కూర్చున్నాయి.

అరండల్‌పేట_అబ్బాయి
అందరికీ చాలా థ్యాంక్స్. దసరా సెలవుల్లో మంగళవారం వెళ్ళాం, నిన్న రాత్రి వచ్చాం. ఎలా జరిగిందో రాయకపోతే తప్పవుతుంది.

రత్నాచల్‌లోనే వెళ్ళాం. మూడు గంటలకల్లా లోపల ఉన్నాం. నేవీ మావయ్య చెప్పినట్టే ఎడమ కాలు ముందు పెట్టించి దాటించా. మొదటి గుండ్రటి తలుపు దగ్గర నాన్నగారు కాస్త తడబడ్డారు. రెండోదానికి నా చెయ్యి వదిలేశారు. మూడోదాని దగ్గర వెనకున్న ఎవరో పెద్దావిడకి ఆయనే చెబుతున్నారు, "కాలు ముందు, తల తర్వాత అమ్మా" అని.

మొదటి గదిలో ఆరు టార్పెడో గొట్టాల ఇత్తడి రంగు మూతల దగ్గర మావాడు ఆగిపోయాడు. ఆఖరి గదిలో ఇంకో నాలుగు ఉన్నాయని గైడ్ చెబితే "అంటే వెనక్కి తిరక్కుండానే వెనక కొట్టొచ్చు" అన్నాడు. తర్వాత గోడల మీదున్న వాల్వ్ చక్రాలు లెక్కపెట్టడం మొదలెట్టాడు. ఎర్రవి, నల్లవి, అరచేతంత చిన్నవి, స్టీరింగంత పెద్దవి. 137 దాకా వచ్చి నాలుగో గదిలో లెక్క తప్పాడు. "ఇన్నింట్లో ఏది ఏదో చీకట్లో కూడా తెలియాలి మాకు" అన్నారు గైడ్‌గా ఉన్న పెద్దాయన. మావాడు "లోపలుంటే వాన పడేది తెలుస్తుందా తాతా" అని అడిగాడు. "బాగా లోతుకి పోతే తుఫానే తెలియదు నాన్నా" అన్నారాయన.

ఐదో గది. ఆటోనగర్ అన్నా, మీరన్నట్టే అయింది. నాన్నగారు ఇంజన్ పక్కన కడ్డీ మీద చెయ్యేసి నిలబడిపోయారు. ముక్కు ఎగబీల్చి "ఇన్నేళ్ళయినా వాసన ఉందిరా" అన్నారు. తర్వాత గైడ్‌ని ఏదో అడిగారు, ఆయన ఏదో చెప్పారు. ఇక ఇద్దరికీ మేము కనపడలేదు. లూబ్ ఆయిల్, కూలింగ్ నీళ్ళు, స్నార్కెల్ మూత అల వచ్చి మూసుకుంటే లోపల చెవులు గుయ్యిమనడం, షెడ్‌లో అర్ధరాత్రి బ్రేక్‌డౌన్లు. ఇరవై నిమిషాలు. వెనకొచ్చినవాళ్ళకి పక్కకి తిరిగి దారిస్తూనే మాట్లాడుకున్నారు. దిగేటప్పుడు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఊపారు. నాన్నగారు రిటైరయ్యాక ఇంజన్ గురించి అంతసేపు మాట్లాడగా నేను వినలేదు.

తెనాలి_నేవీ
చదివి చాలా సంతోషమేసింది బాబూ. మోకాళ్ళెలా ఉన్నాయి?

అరండల్‌పేట_అబ్బాయి
రాత్రి కొంచెం వాచింది, వేడినీళ్ళ కాపడం పెట్టాం. "ఏం ఫర్లేదు" అంటున్నారు.

పటమట_లంక
ఇంతకీ ఎదురుగా ఉన్న విమానం చూశారా? అది నేనూ చూడలేదు.

అరండల్‌పేట_అబ్బాయి
లేదన్నా. బయటికొచ్చేసరికి నాన్నగారు అలిసిపోయారు. బీచ్‌లో కూర్చుని ముంత మసాలా తిని వచ్చేశాం. సంక్రాంతి తర్వాత విమానం కోసం వెళ్దామంటున్నాడు మావాడు.

ఆటోనగర్_డీజిల్
అప్పుడు నాకూ ఒక టికెట్ తీయండి. నాన్నగారితో కలిసి ఐదో గది ఇంకోసారి చూడాలి.

పటమట_లంక
ఆదివారం కాకపోతే నేనూ వస్తాను.